రేవు మెట్ల మీద వచ్చే నొప్పి గ్యాస్ కాకపోవచ్చు

కోనసీమ నుంచి ఒక సోదరి ఆరు పేజీల ఉత్తరం రాశారు. ఊరి పేరు, పిల్లల పేర్లు, ఆమెను గుర్తుపట్టే వివరాలు తీసేసి సంగతి మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

ఆమెకు 47 ఏళ్ళు. భర్త లారీ మీద వెళ్ళేవారు, 2007లో పోయారు. ఆ తర్వాత పరీక్ష చేయిస్తే తనకూ హెచ్‌ఐవీ ఉందని తెలిసింది. అప్పటికి బాబుకు ఆరేళ్ళు, పాపకు నాలుగు. పిల్లలిద్దరికీ లేదని తేలింది. 2008 నుంచి కాకినాడలో హెచ్‌ఐవీ మందులిచ్చే ప్రభుత్వ ఏఆర్‌టీ సెంటర్‌లో మందులు తీసుకుంటున్నారు. దగ్గర్లోనే లింక్ సెంటర్ ఉన్నా అక్కడ ఎవరైనా తెలిసినవాళ్ళు కనపడతారని, ఎదుర్లంక వారధి మీదుగా బస్సులో కాకినాడే వెళ్ళి తెచ్చుకుంటారు. ఇంట్లో కుట్టు మిషను పెట్టుకుని, డ్వాక్రా సంఘం అప్పులు కట్టుకుంటూ పిల్లల్ని చదివించారు. బాబు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు, అతనికి విషయం తెలుసు. పాపకు తెలియదు. ఆ పాపకే ఇప్పుడు సంబంధం కుదిరింది, మాఘంలో పెళ్ళి.

అయిదు వారాలుగా ఆమెకు కొత్త బాధ మొదలైంది. ఆమె మాటల్లోనే: "రేవులో బట్టలు ఉతికి, తడి బట్టల బకెట్టు పట్టుకుని మెట్లెక్కుతుంటే నాలుగో మెట్టు దగ్గర గుండెల మీద ఎవరో చెయ్యి పెట్టి నొక్కినట్టుంటుంది. ఎడమ దవడ లాగుతుంది. గట్టు మీద అయిదు నిమిషాలు కూర్చుంటే పోతుంది." ఊళ్ళో ఆర్ఎంపీ గారు గ్యాస్ అన్నారట. పొద్దున క్యాప్సూల్, రాత్రి గులాబీ రంగు సిరప్ ఇచ్చారు. అమలాపురంలో తీయించిన ఈసీజీ బాగానే ఉందన్నారు. కిందటిసారి సెంటర్‌కు వెళ్ళినప్పుడు బీపీ 150/94, చెడు కొలెస్ట్రాల్ 158 ఉంటే అక్కడి డాక్టరు గారు రోజుకొక కొలెస్ట్రాల్ మాత్ర రాశారు. అది ఇంకా కొనలేదు. ఆమె నాన్నగారు 50 ఏళ్ళకే గుండెపోటుతో పోయారు.

బస్సులో పరిచయమైన ఒకావిడ "హెచ్‌ఐవీ మందుల వల్లే గుండె జబ్బులొస్తాయట" అని ఫోన్లో ఏదో వీడియో చూపించిందట. విషయం తెలిసిన అక్కగారు కూడా "ఆ మందుల వేడికే నీకు మంట" అంటున్నారు. అందుకని రెండు వారాలుగా ఈ సోదరి హెచ్‌ఐవీ మాత్రను రోజు విడిచి రోజు వేసుకుంటున్నారు. ఆమె అడిగినవి మూడు. మందులు తగ్గిస్తే గుండెకు మంచిదా? ఆ కొలెస్ట్రాల్ మాత్ర వేసుకోవాలా? పెద్దాసుపత్రికి వెళ్తే తన జబ్బు సంగతి గుండె డాక్టరుకు చెప్పాలా, చెబితే పాప పెళ్ళి ఏమవుతుంది?

*

అమ్మా, మీరు ఉత్తరంలో పెళ్ళి గురించి నాలుగు పేజీలు, నొప్పి గురించి అర పేజీ రాశారు. నేను ఆ అర పేజీ దగ్గరే మొదలుపెడతాను.

బరువు మోసినప్పుడో మెట్లెక్కినప్పుడో వచ్చి, కూర్చుంటే పోయే నొప్పి, దవడలోకి పాకే నొప్పి గుండె నుంచి వచ్చేదేమోనని ముందు అనుమానించాలి. కాదని పరీక్షలో తేలాకే గ్యాస్ అనుకోవాలి. గ్యాస్ మంట మెట్లు చూసి రాదు. తిన్నాక వస్తుంది, పడుకుంటే వస్తుంది, బకెట్టు దించగానే పోదు. ఈసీజీ బాగుందన్నారు కదా అని మీరు ధీమాగా ఉన్నారు. అది మీరు బల్ల మీద పడుకుని, నొప్పి లేని సమయంలో తీసిన ఈసీజీ. రక్తనాళం సన్నబడ్డా విశ్రాంతిలో ఉన్న గుండెకు ఆ రక్తం సరిపోతుంది. పనిచేసేటప్పుడే చాలదు. అందుకే నడిపించి తీసే ఈసీజీ అయిన టీఎంటీ, గుండెను స్కానింగ్‌లా చూసే ఎకో లాంటివి ఉన్నాయి. వాటిలో ఏది చేయాలో, నేరుగా యాంజియోగ్రామ్‌కు వెళ్ళాలో గుండె డాక్టరు మిమ్మల్ని చూసి చెబుతారు.

ఇది ఈ వారంలో జరగాలి. కొత్తగా మొదలైన నొప్పి మొదటి వారాల్లోనే ఎక్కువ ప్రమాదం. అప్పటిదాకా బకెట్టు మోయకండి, రేవుకు వెళ్ళకండి. నొప్పి కూర్చున్నా తగ్గకపోయినా, పని లేకుండానే వచ్చినా, చెమటలు పట్టి ఆయాసం వచ్చినా అది వేరే లెక్క. ఒక పావుగంట చూద్దాం, సిరప్ తాగి చూద్దాం అనుకోకుండా 108కి ఫోన్ చేయండి. గుండెపోటు అయితే గడ్డ కరిగించే ఇంజక్షన్ మొదటి గంటల్లో పడితేనే గుండె కండరం నిలుస్తుంది. ఆడవాళ్ళలో ఛాతీ నొప్పితో పాటు, ఒక్కోసారి ఆ నొప్పి లేకుండానే, నీరసం, వాంతి, దవడ లాగడం, వీపు మధ్య బరువు ఉంటాయి. వాటినీ పట్టించుకోండి.

ఆర్ఎంపీ గారి మీద కోపం తెచ్చుకోకండి. ఈ పొరపాటు నేనూ చేశాను. చాలా ఏళ్ళ కిందట, అప్పట్లో నేను పనిచేసిన ఆసుపత్రికి కొబ్బరి దింపు పని చేసే ఒకతను వచ్చాడు. నలభై ఒక్క ఏళ్ళు, హెచ్‌ఐవీ మందుల మీద ఉన్నాడు. "మింగుతుంటే మంటగా ఉందండి, ఛాతీ పట్టేస్తోందండి" అన్నాడు. హెచ్‌ఐవీ ఉంది కాబట్టి నా బుద్ధి అటే పోయింది. గొంతులో ఫంగసేమో అని నోరు తెరిపించి చూశాను, టీబీ ఏమో అని ఎక్స్‌రే తీయించాను. గుండె సంగతి తట్టలేదు. మూడో రోజు అతన్ని ఆటోలో తెచ్చారు, పెద్ద గుండెపోటు. బతికాడు, కానీ ఆ తర్వాత చెట్టు ఎక్కలేదు. ఆయాసంతో అరుగు మీద కూర్చుని ఉండేవాడు. అప్పటినుంచి హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు ఎవరు ఛాతీ అన్నా ముందు గుండె గురించే అడుగుతున్నాను. మందులు రాకముందు ఈ జబ్బు ఉన్నవాళ్ళు గుండె జబ్బు వచ్చే వయసు దాకా బతికేవారు కాదు. మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మొదలుపెట్టింది 2004 ఏప్రిల్‌లో. ఆ మందులతో బతికి, పిల్లల్ని పెంచి, యాభై దగ్గరికి వచ్చిన మీలాంటి వాళ్ళు ఇప్పుడు ఊరూరా ఉన్నారు. మా డాక్టర్ల ఆలోచన ఇంకా అంత దూరం రాలేదు.

మందుల వల్లే గుండె జబ్బు అన్న మాటలో కాస్త నిజం ఉంది, చాలా అబద్ధం ఉంది. నిజం ఎంతో ముందు చెబుతాను. మొదట్లో మీకిచ్చిన మందుల పేరు మీరు రాయలేదు కానీ, "బుగ్గలు లోపలికి పోయి, పొట్ట పెరిగి, అందరూ ఏంటమ్మా ఇలా అయ్యావని అడిగేవారు" అని రాశారు. ఆ రోజుల్లో విరివిగా ఇచ్చిన స్టావుడిన్ అనే మందు చేసే పని అది. ముఖంలో, కాళ్ళు చేతుల్లో కొవ్వు కరిగించి, రక్తంలో కొవ్వుల లెక్క తప్పించేది. అందుకే దాన్ని తీసేశారు. మొదటి మందులు పనిచేయనప్పుడు రెండో వరుసలో వాడే లోపినావిర్ లాంటివి కూడా కొలెస్ట్రాల్ పెంచుతాయి. అబాకావిర్ వాడేవాళ్ళలో గుండెపోట్లు ఎక్కువ కనిపించాయని కొన్ని పెద్ద పరిశీలనల్లో వచ్చింది. ఆ మందు మీద ఉండి గుండె ఇబ్బంది ఉన్నవాళ్ళు సెంటర్‌లో అడిగి మార్పించుకోవచ్చు. మీరు ఇప్పుడు వేసుకునేది టీఎల్‌డీ, అంటే టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన ఒక్క మాత్ర. అందులో నేను పైన చెప్పిన మందులేవీ లేవు. దీంతో కొందరికి బరువు పెరుగుతుంది, మీకూ ఏడు కిలోలు పెరిగిందన్నారు. ఆ బరువును, బీపీని చూసుకోవాలి. అంతవరకే.

అసలు ప్రమాదం ఎక్కువగా వైరస్ నుంచే వస్తుంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకు గుండెపోటు ముప్పు లేనివాళ్ళకంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉంటుంది. మందులతో వైరస్ అణిగిపోయి, రిపోర్టులో కనబడకుండా పోయినా, ఒంట్లో రక్షణ వ్యవస్థ పూర్తిగా చల్లబడదు. నివురు కింద నిప్పులా ఉంటుంది. ఆ వాపు రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది, అక్కడ కొవ్వు చేరుతుంది. మన కాలువలో పూడిక పేరుకున్నట్టు గట్టిగా పేరుకుంటే నయమే, నెమ్మదిగా సన్నబడుతుంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళలో మెత్తటి పూడిక ఎక్కువ. అది ఉన్నట్టుండి పగిలి, దాని మీద రక్తం గడ్డకట్టి నాళం మూసుకుపోతుంది. మందులు మొదలుపెట్టేనాటికి సీడీ4, అంటే ఒంటి రక్షణ కణాల లెక్క, బాగా పడిపోయి ఉన్నవాళ్ళకు ఈ ముప్పు ఇంకొంచెం ఎక్కువ. దీనికి మీ నాన్నగారి చరిత్ర, బీపీ, కొలెస్ట్రాల్ తోడయ్యాయి.

మందు తగ్గిస్తే ఏమవుతుందో ఊహించుకోనక్కర్లేదు, ప్రపంచం ఒకసారి పరీక్ష పెట్టి చూసింది. స్మార్ట్ అనే అధ్యయనంలో 33 దేశాల నుంచి 5,472 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపు రోజూ మందు వేసుకుంది. రెండో గుంపు సీడీ4 బాగుంటే ఆపి, పడిపోతే మళ్ళీ మొదలుపెట్టింది. మందుల దుష్ఫలితాలు తగ్గుతాయని, గుండెకు కూడా మేలని అప్పుడు అనుకున్నారు. జరిగింది వేరు. ఆపి ఆపి వేసుకున్నవాళ్ళలో చావులు, రక్షణ శక్తి తగ్గినప్పుడు వచ్చే అవకాశవాద జబ్బులు కలిపి రెండున్నర రెట్లు ఎక్కువ వచ్చాయి. గుండె జబ్బులు కూడా వాళ్ళలోనే ఎక్కువ. 2006 జనవరిలో ఆ పరీక్షను మధ్యలోనే ఆపి, అందరికీ మందు మళ్ళీ రోజూ ఇమ్మన్నారు. మీరు గుండె కోసమని చేస్తున్న పని ఆ రెండో గుంపు చేసిన పనే.

అక్కగారు వేడి అన్నారు. ఆవిడ మీ మీద ప్రేమతోనే అన్నారు, పదిహేడేళ్ళుగా మీ రహస్యం కడుపులో దాచుకున్న మనిషి. ఆవిడతో వాదన పెట్టుకోకండి. ఈసారి సెంటర్‌కు వెళ్ళేటప్పుడు వెంట తీసుకెళ్ళి, డాక్టరు గారి నోటితోనే వినిపించండి.

ఇక్కడ మీరు మామూలుగా రాసేసిన ఒక చిన్న విషయం నన్ను ఆపింది. రాత్రి భోజనం చేసి, టీఎల్‌డీ మాత్రను ఆ గులాబీ సిరప్‌తోనే మింగుతున్నానని రాశారు. ఆ సిరప్‌లో ఉండే అల్యూమినియం, మెగ్నీషియం డోలుటెగ్రావిర్‌ను కడుపులోనే పట్టేసుకుంటాయి. మందు రక్తంలోకి సరిగా ఎక్కదు. సిరప్ తప్పనిసరైతే టీఎల్‌డీ మాత్ర సిరప్‌కు రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. కాల్షియం, ఐరన్ మాత్రలతోనూ ఇదే తిరకాసు. అయితే వాటిని భోజనంతో పాటు టీఎల్‌డీతో కలిపి వేసుకుంటే ఇబ్బంది లేదు, ఖాళీ కడుపున మాత్రం కలపకూడదు. అంటే అయిదు వారాలు సిరప్‌తో, అందులో చివరి రెండు వారాలు రోజు విడిచి రోజు. మీ ఒంట్లో మందు సరిగా ఉందో లేదో అనుమానమే. రోజూ వేసుకోవడం వెంటనే మొదలుపెట్టండి. మానేసిన రోజులకు బదులుగా రెండేసి వేసుకోకండి. సెంటర్‌లో దాచకుండా చెప్పి, రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే వైరల్ లోడ్ పరీక్ష ఎప్పుడు చేస్తారో అడగండి. తిడతారని భయపడి "రోజూ వేసుకుంటున్నా" అని చెబితే, రేపు వైరల్ లోడ్ పెరిగినప్పుడు మందు పనిచేయడం లేదనుకుని అనవసరంగా మార్చే ప్రమాదం ఉంది.

ఇప్పుడు రహస్యం సంగతి.

గుండె డాక్టరుకు చెప్పాలా అని అడిగారు. చట్టం ఏమంటుందో ముందు చెబుతాను. 2017లో వచ్చి, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మీ అనుమతి లేకుండా హెచ్‌ఐవీ పరీక్ష చేయకూడదు, మీ సంగతి బయటపెట్టకూడదు, హెచ్‌ఐవీ ఉందని వైద్యం నిరాకరించకూడదు. వైద్యానికి అవసరమైనంత మేరకు మీకు వైద్యం చేసేవాళ్ళ మధ్య చెప్పుకోవచ్చు. మీ బంధువులకు చెప్పే హక్కు వాళ్ళకు లేదు. చట్టం అంత స్పష్టంగా ఉంది. ఆసుపత్రి వరండా అంత స్పష్టంగా ఉండదని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

చెప్పకుండా ఉంటే ఏమవుతుందో ఆలోచిద్దాం. ఉత్త ఎకో, టీఎంటీ అయితే ఏమీ కాకపోవచ్చు. కానీ యాంజియోగ్రామ్ అన్నారంటే, ముందు రక్తపరీక్షల్లో చాలాచోట్ల హెచ్‌ఐవీ కూడా కలిపేస్తారు. సంతకం పెట్టించుకునే కాగితాల్లో అదీ ఒకటై ఉంటుంది, ఎవరూ చదవరు. రిపోర్టు వచ్చాక ఆ మాట ముందు ఎవరి చెవిన పడుతుందో మీ చేతిలో ఉండదు. డ్యూటీ నర్సు "పేషెంట్ తాలూకు ఎవరండీ?" అని పిలిస్తే లేచి వెళ్ళేది మీ పాప. ఇలా జరగడం నేను చూశాను. ఒకాయన భార్యకు అలా వరండాలో తెలిసింది, ఆయన ఆ సాయంత్రమే యాంజియోగ్రామ్ వద్దని డిశ్చార్జి రాయించుకుని వెళ్ళిపోయాడు.

ఇంకో ముఖ్యమైన కారణం మందుల మధ్య గొడవ. గుండె డాక్టరు రాసే మందులకు, మీరు వేసుకునే మాత్రకు పొత్తు కుదరాలి. మీది టీఎల్‌డీ కాబట్టి అదృష్టవశాత్తు ఇబ్బందులు తక్కువ. కొలెస్ట్రాల్ మందులతో గొడవ లేదు. షుగర్ వచ్చి మెట్‌ఫార్మిన్ రాస్తే మాత్రం రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటకుండా చూస్తారు, డోలుటెగ్రావిర్ దాన్ని రక్తంలో పెంచుతుంది. కానీ ఇది చదివేవాళ్ళలో రెండో వరుస మందుల మీద, అంటే రిటోనావిర్ కలిసిన మాత్రల మీద ఉన్నవాళ్ళూ ఉంటారు. వాళ్ళకు సిమ్వాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మందు అసలు ఇవ్వకూడదు, కండరాలు దెబ్బతింటాయి. స్టెంటు వేశాక రక్తం పలచబడటానికి ఇచ్చే టికాగ్రెలార్ రిటోనావిర్‌తో కలవకూడదు, క్లోపిడోగ్రెల్ బలం తగ్గుతుంది. అటజనావిర్ వాడేవాళ్ళకు గ్యాస్ క్యాప్సూల్ కూడా పనికిరాదు. డాక్టరుకు తెలియకపోతే ఇవన్నీ తెలియకుండానే జరిగిపోతాయి.

కాబట్టి గుండె డాక్టరుకు చెప్పేయమన్నదే నా గట్టి అభిప్రాయం. ఎలా చెప్పాలన్నదే అసలు ప్రశ్న. ఓపీ గదిలోకి వెళ్ళగానే, కాగితాలు ఇవ్వకముందే, "డాక్టర్ గారూ, మీతో ఒక్క నిమిషం ఒంటరిగా మాట్లాడాలండి" అనండి. వెంట వచ్చినవాళ్ళను బయటకు పంపడం డాక్టర్లకు కొత్త కాదు, ఆడవాళ్ళ విషయంలో ఎవరూ వింతగా చూడరు. తర్వాత మీ సెంటర్ ఆకుపచ్చ పుస్తకం, కిందటి వైరల్ లోడ్ రిపోర్టు చూపించండి. పదిహేడేళ్ళుగా మందులు వాడుతున్నారని, కిందటి రిపోర్టులో వైరస్ కనబడలేదని చూస్తే చాలామంది డాక్టర్ల భయం సగం అక్కడే పోతుంది. సిరప్ సంగతి, మధ్యలో మానేసిన సంగతి కూడా చెప్పండి. ఆ తర్వాత, "ఈ సంగతి నా వెంట వచ్చినవాళ్ళకు తెలియదండి, ఎవరికీ చెప్పొద్దని కేస్ షీటు చూసేవాళ్ళకు కూడా చెప్పండి" అని అడగండి. అడిగే హక్కు మీకుంది. అంతకుముందే సెంటర్ డాక్టరు గారితో గుండె డాక్టరు పేరు మీద చిన్న ఉత్తరం రాయించుకుని సీలు వేయించుకెళ్తే మీ నోరు విప్పే పని కూడా తగ్గుతుంది. ఏ ఆసుపత్రిలో బాగా చూస్తున్నారో సెంటర్ కౌన్సిలర్లకు తెలిసి ఉంటుంది, వాళ్ళ దగ్గరికి అలా వెళ్ళొచ్చినవాళ్ళు ఉంటారు. స్టెంటు దాకా వస్తే డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవలో, మనం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అంటున్న దాంట్లో, చేయించుకోవచ్చు. కార్డు పట్టుకెళ్ళి ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలవండి.

వెంట ఎవరు రావాలన్న దాంట్లో మీకు మూడు దారులు కనిపిస్తున్నాయి. బాబును రెండు రోజులు సెలవు పెట్టి రమ్మనవచ్చు. అతనికి అంతా తెలుసు, సంతకాలు పెడతాడు, దాచే పని లేదు. పాపకు అనుమానం వస్తుందేమో అంటారా, తల్లికి గుండె నొప్పి అంటే కొడుకు రావడంలో అనుమానించేదేముంది? అక్కగారితో వెళ్ళవచ్చు. రహస్యం భద్రంగా ఉంటుంది కానీ డాక్టరు ఏదైనా వెంటనే నిర్ణయించమంటే ఆవిడ బెంబేలెత్తుతారేమో మీరే చూసుకోవాలి. మూడోది, పాపకు చెప్పేసి పాపతోనే వెళ్ళడం.

ఈ మూడో దారి గురించి మీరు ఉత్తరంలో రాసి, కొట్టేసి, మళ్ళీ రాశారు. కొట్టివేతల కింద అక్షరాలు కనిపిస్తున్నాయి. "అది నన్ను అసహ్యించుకుంటుందేమో" అని ఉంది అక్కడ. అమ్మా, మీకు ఈ జబ్బు ఎలా వచ్చిందో తెలుసు. దాంట్లో మీ తప్పు ఎక్కడా లేదు. తప్పుందా లేదా అన్న లెక్క కూడా మనం ఎవరి విషయంలోనూ వేయనక్కర్లేదు, వైద్యానికి దాంతో పనిలేదు. పాపకు ఇరవై రెండేళ్ళు. చెబితే మొదటి రోజు ఏడుస్తుంది, ఇన్నాళ్ళు చెప్పనందుకు కోపం రావచ్చు. తనకూ ఉందేమో అన్న భయం ముందు వస్తుంది, అందుకని ఆ చిన్నప్పటి పరీక్ష సంగతి మాటల్లో మొదటే చెప్పండి. ఆ భయం ఇంకా పోకపోతే మళ్ళీ ఒకసారి ఉచితంగా పరీక్ష చేయించుకోవచ్చు. పెళ్ళివారికి చెప్పాల్సిన బాధ్యత మీకు గానీ, పాపకు గానీ లేదు. మీ జబ్బు పాప కాపురానికి, పుట్టబోయే పిల్లలకు ఏ రకంగానూ తగలదు. చెప్పాక పాప ఆ భారం అత్తారింటికి మోసుకెళ్ళాల్సి వస్తుంది, అది నిజమే. భర్తకు చెప్పాలా వద్దా అని ఆమె కూడా నలిగిపోవచ్చు. అందుకని ఇప్పుడే చెప్పమని నేను అనను. పెళ్ళయ్యాక నిదానంగా చెప్పవచ్చు, బాబు పక్కన ఉన్నప్పుడు చెప్పవచ్చు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, మీరు చెప్పిన రోజు వేరు, నర్సు నోటి వెంట విన్న రోజు వేరు.

పెళ్ళి అయ్యేదాకా ఆసుపత్రి వాయిదా వేద్దామన్నది మాత్రం నేను ఒప్పుకోను. దారులు చూపించడమే నా పనైనా, ఈ దారిలో గొయ్యి ఉందని చెప్పకపోతే తప్పవుతుంది. పెళ్ళి పనులంటే ఏమిటో తెలుసు కదా. నిద్ర ఉండదు, బరువులు, ఎండ, డబ్బు టెన్షన్, వేళకు మందులు పడవు. అయిదు వారాల నొప్పితో ఉన్న గుండెకు అది చాలా ఎక్కువ. ఇప్పుడు చూపించుకుంటే, స్టెంటు అవసరమైనా సరే, మాఘానికి మీరు పీటల దగ్గర కూర్చునే స్థితిలో ఉండే అవకాశం ఎక్కువ. ముహూర్తం కాస్త వెనక్కి జరపాల్సి వచ్చినా గుండె జబ్బు అని చెప్పుకోవడంలో ఎవరికీ నామోషీ లేదు. ఆ కారణం నిజం కూడా.

కొలెస్ట్రాల్ మాత్ర గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కొనండి. ఏ స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందుల రకం పేరు అది), ఎంత మోతాదు అన్నది గుండె డాక్టరు మార్చవచ్చు, ఆయనకు ఆ చీటీ చూపించండి. హెచ్‌ఐవీ ఉండి, గుండె జబ్బు ఇంకా రానివాళ్ళ మీదే రిప్రైవ్ అని పెద్ద పరీక్ష జరిగింది. మన దేశంతో కలిపి 12 దేశాల్లో 40 నుంచి 75 ఏళ్ళ వాళ్ళు 7,769 మంది, అందులో మూడోవంతు దాకా ఆడవాళ్ళు. సగం మందికి రోజూ 4 మిల్లీగ్రాముల పిటావాస్టాటిన్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర. 2023లో ఫలితం వచ్చింది. మందు వేసుకున్నవాళ్ళలో గుండెపోటు, పక్షవాతం లాంటివి 35 శాతం తగ్గాయి. వెయ్యి మందిలో ఏడాదికి సుమారు ఏడుగురికి రావాల్సింది దాదాపు అయిదుగురికి వచ్చిందని అర్థం. కొద్దిమందికి కండరాల నొప్పులు వచ్చాయి, షుగర్ వచ్చినవాళ్ళు కాస్త ఎక్కువున్నారు. అందుకే నొప్పులు వస్తే చెప్పాలి, షుగర్ చూపించుకుంటూ ఉండాలి. ఏ లక్షణమూ లేని నలభై దాటినవాళ్ళు డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాల్సిన విషయం ఇది. మీకు లక్షణం వచ్చింది కాబట్టి మీ విషయంలో అంత తర్జనభర్జన అక్కర్లేదు. బీపీకి కూడా మందు పడాలి.

తిండి గురించి అడిగారు. ఎండుచేపలు, ఊరగాయలు వారానికొకసారికి తగ్గించండి, బీపీకి ఉప్పే శత్రువు. కాగిన నూనెలో మళ్ళీ వేయించకండి. చేపల పులుసు హాయిగా తినండి, అన్నం కాస్త తగ్గించి కూర పెంచండి. మీరు పొగ తాగరు, సంతోషం. ఇది చదివేవాళ్ళలో హెచ్‌ఐవీ ఉండి చుట్టో సిగరెట్టో కాల్చేవాళ్ళకు మాత్రం చెబుతున్నాను. రోజూ మందు వేసుకునేవాళ్ళలో వైరస్ తినేసే ఆయుష్షు కంటే పొగ తినేసే ఆయుష్షు ఎక్కువ. మన లంక పొగాకుకు ఎంత పేరున్నా అది గుండెకు విషమే.

సోమవారం సెంటర్‌కు ఫోన్ చేసి, గుండె డాక్టరుకు ఉత్తరం కావాలని చెప్పండి. ఫోన్ కలవకపోతే, సలహా ఏదైనా కావాలంటే 1097కి చేయండి, అది ఉచితం, పేరు చెప్పనక్కర్లేదు. ఆ రోజే బాబుకు నొప్పి సంగతి చెప్పండి. అతనికి ఇంకా చెప్పలేదని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. సంచిలో ఆకుపచ్చ పుస్తకం, వైరల్ లోడ్ రిపోర్టు, ఈసీజీ, కొలెస్ట్రాల్ చీటీ, ఆర్ఎంపీ గారిచ్చిన క్యాప్సూల్ అట్ట, సిరప్ సీసా అన్నీ పెట్టుకోండి. ఇక ఈ రాత్రి అన్నం తిన్నాక టీఎల్‌డీ మాత్రను మంచినీళ్ళతో వేసుకోండి, సిరప్‌తో వద్దు. టీఎంటీలో ఏం వచ్చిందో నాకు రాయండి, పేరు లేకపోయినా మీ చేతిరాత గుర్తుపడతాను.